కాకరరసమునకు తగిన స్థానము

సంఘము దుకాణమున విత్తనములు, ఎరువులు అమ్ముచున్నట్లే కాకరరసపు సీసాలను గూడ తెప్పించి సభ్యులకు తగ్గింపు వెలకు అమ్మవలయునని కొందఱు సభ్యులు కొంతకాలముగా కోరుచున్నారు. వారి కోరికకు కారణము లేకపోలేదు. మధుమేహము నేడు మన గ్రామములలో వీధివీధిని వినబడుచున్న మాట. మాత్రలకును పరీక్షలకును నెలనెల వ్యయమగుచున్నది. కాకర మన నేలలో పండు కాయ. దాని చేదు మన నాలుకకు క్రొత్తది గాదు. ఇట్టి కాయయొక్క రసముతోనే వ్యాధి యణగినచో అంతకన్న కావలసిన దేమి యని వారి తలంపు.

ఆ తలంపులోని మంచిని గౌరవించుచునే మా యభిప్రాయమును స్పష్టముగా తెలుపుచున్నాము. కాకరకాయ కూరగాయల వరుసలో నుండవలయును గాని మందుల వరుసలో నుండరాదు. సంఘము ఆ సీసాలను తెప్పింపరాదు. ఆ ధనమును ఇంతకన్న మేలైన పనులకు వినియోగింపవచ్చును. మేము వైద్యులము కాము, వ్యవసాయ ప్రదర్శకులము. మందు నిర్ణయించుట డాక్టరు పని. కాని యొక క్రొత్త వస్తువు పనిచేసినదా లేదా యని పరీక్షించు న్యాయము పొలమునందును వైద్యశాలయందును ఒక్కటియే గావున ఈ విషయమున వ్రాయ సాహసించుచున్నాము.

మొదట వ్యాధియొక్క విస్తృతిని గుర్తింపవలయును. భారత వైద్య పరిశోధనా మండలివారి సహాయముతో దేశమంతట జరిగిన సర్వే ఫలితములు 2023లో ప్రకటింపబడినవి. వాని ప్రకారము మన దేశమున 10 కోట్లకు పైగా జనులకు మధుమేహము కలదు. మఱి 13 కోట్లకు పైగా జనులు దాని గుమ్మమున నిలిచియున్నారు. పరగడుపున రక్తములోని చక్కెర 126 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని యున్నచో దానిని మధుమేహమనుచున్నారు. దీని యపాయ మేమన, ఆరంభమున నొప్పి లేదు, జ్వరము లేదు. రోగి యథాప్రకారముగ దుక్కి దున్నును, నాట్లు వేయించును, సంతకు పోవును. లోపల మాత్రము కండ్లు, మూత్రపిండములు, గుండె, నరములు మెల్లమెల్లగా చెడుచుండును.

మన డెల్టా రైతునకు దీనివలన కలుగు ప్రత్యేకమైన ఆపద యొకటి కలదు. నరములు చెడినచో పాదములకు స్పర్శ తగ్గును. చెప్పులు లేక బురదలో నడచువానికి నత్తగుల్ల గీచినను, ముల్లు దిగినను తెలియదు. చక్కెర హెచ్చుగానున్న శరీరమున పుండు త్వరగా మానదు. చిన్న గాయము పెద్దదై, తుదకు వ్రేలినో పాదమునో తీసివేయవలసిన దశ వచ్చును. మాత్ర మానివేసి రసమును నమ్ముకొన్నవాడు ఎంతటి పందెము కాయుచున్నాడో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

ఈ వ్యాధి మన పెద్దలకు తెలియనిది కాదు. మూత్రము తేనెవలె తియ్యనగుటచేతనే మధుమేహమను పేరు వచ్చినది. కాని యొకనాడు అరుదుగానున్నది నేడింత విరివిగా నుండుటకు మన జీవనము మారుటయే ముఖ్య కారణము. 1855లో బెజవాడయొద్ద కృష్ణానదికి ఆనకట్ట పూర్తియైనది. 1957లో దాని స్థానమున ప్రకాశం బ్యారేజి వచ్చినది. కాలువనీరు పారిన చోటనెల్ల వరి పండినది. కఱవు భయము తగ్గినది. ఆ నీటికి మనము సర్వదా కృతజ్ఞులము. అయితే ఆ వరి మరలో తెల్లగా పాలిషు పట్టబడి, మూడుపూటల కంచమును నింపుచున్నది; పప్పు, కూర, ఆకుకూర కంచమున నొక మూలకు జరిగినవి. మఱియొకవైపున కాయకష్టము తగ్గినది. దుక్కికి ట్రాక్టరు, కోతకు యంత్రము, పొలము పోవుటకు మోటారుసైకిలు వచ్చినవి. తాతలు తిన్న అన్నమును తినుచు, తాతలు చేసిన కష్టమును మాత్రము మనము చేయుటలేదు. అన్నము నాలుకకు తియ్యగా లేకపోయినను, అరిగిన పిమ్మట రక్తములో చేరునది చక్కెరయే.

ఇక కాకర విషయము. చేదు తీపిని విఱుచునను మాట వినుటకు బాగుగనే యుండును. కాని నాలుకకు తోచు రుచికిని రక్తములోని చక్కెరకును అట్టి చుట్టఱికము లేదు. అంతమాత్రమున కాకరలో గుణమే లేదనరాదు. శాస్త్రజ్ఞులు దానినుండి చరాంటిను అను పదార్థమును, ఇన్సులినును పోలినదని చెప్పబడు పాలిపెప్టైడు-పి అను మాంసకృత్తును వేఱుచేసిరి. అయితే ఇన్సులినువంటి మాంసకృత్తులను నోటితో మ్రింగినచో కడుపులో ఆహారమువలె జీర్ణమైపోవును. ఇన్సులినును సూదిద్వారా ఎక్కించుటకు కారణ మిదియే. కావున కాయలో గుణముండుట వేఱు, ఆ గుణము రోగి రక్తమువఱకు చేరి పనిచేయుట వేఱు.

పనిచేయునో లేదో తెలియుటెట్లు? ఇచ్చట రైతు తన పొలమునే తలంచుకొనవలయును. ఒక రైతు క్రొత్త ఎరువును కాలువగట్టు ప్రక్కనున్న మంచి మడిలో వేసి, పంట బాగుగా వచ్చెనని ఎరువును పొగడినచో మేము వెంటనే యడుగు ప్రశ్న యేది? ఎరువు వేయని మడి యేదియని. రెండు మడులకును నేల యొక్కటి, విత్తనమొక్కటి, నీరొక్కటి కావలయును. ఎరువులో మాత్రమే భేదముండవలయును. అట్లు కొలిచినప్పుడు గదా నిజము తేలును! మిషను పాఠశాలలో మాకు విజ్ఞానశాస్త్రమును బోధించిన ఉపాధ్యాయులు మొట్టమొదట నేర్పినది త్రాసు పట్టుటయే. తూచకుండ ఏమియు వ్రాయరాదని వారి నియమము.

కాకరరసము త్రాగి బాగుపడితినని చెప్పువాడు అబద్ధమాడుటలేదు. కాని రసము మొదలుపెట్టిన దినముననే అతడు కాఫీలో చక్కెర మానును. రెండవమాఱు అన్నము వడ్డించుకొనుట మానును. ఉదయమున కాలువగట్టుమీద నడచును. మాత్ర మఱవక వేసికొనును. నెల గడచిన పిదప చక్కెర తగ్గినచో కీర్తి యంతయు గ్లాసునకు పోవును. ఎరువు వేయని మడి యిచ్చట లేదు.

అట్టి మడిని వైద్యపరిశోధకులు ఇతర దేశములలో ఏర్పఱచి చూచిరి. ఫిలిప్పీను దీవులలో 40 మంది రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టునకు కాకర గొట్టములను, ఇంకొక జట్టునకు మందులేని గొట్టములను మూడు నెలలిచ్చిరి. 2007లో ప్రకటింపబడిన ఫలితమునుబట్టి రెండు జట్లకును చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. థాయిలాండులో 2011లో ప్రకటింపబడిన పరీక్షలో, దినమునకు 2 గ్రాముల ఎండుకాకర పొడిని నాలుగు వారములు పుచ్చుకొన్నవారికి కొంత మేలు కలిగినది. కాని 1 గ్రాము మెట్‌ఫార్మిను మాత్రలవలన కలిగిన మేలుకంటె అది తక్కువ. ఇట్టి పరీక్షల నన్నిటిని జోడించి తూచు కాక్రేను అను అంతర్జాతీయ సంస్థవారు 2012లో, మధుమేహమునకు కాకరను మందుగా సిఫారసు చేయుటకు తగిన ఆధారము లేదని తేల్చిరి. కాబట్టి కాకరకు కొద్దిపాటి ప్రభావ ముండవచ్చును. మందునకు బదులుగా నిలువగల శక్తి దానికి లేదు.

రసమును గుఱించి మాటాడునపుడు మనకు దగ్గఱనే యున్న యొక ఉదాహరణమును తలంపవలసియున్నది. విజయవాడకెదురుగ, కృష్ణకు దక్షిణపుటొడ్డున, ఉండవల్లి కరకట్టమీద మంతెన సత్యనారాయణరాజుగారి ప్రకృతి చికిత్సాలయము కలదు. పచ్చికూరల రసమును తెలుగునాట ప్రచారము చేసినవారిలో వారు ముఖ్యులు. కాని వారు బోధించునది గ్లాసెడు రసము మాత్రమే కాదు. ఉప్పు, నూనె, చక్కెర విడుచుట, తెల్లబియ్యము తగ్గించుట, వ్యాయామము చేయుట, వేళకు తినుట మున్నగు కఠిననియమములు దానితో కలిసియున్నవి. మన గ్రామములలో జరుగుచున్న దేమన, నియమములనన్నిటిని ఒడ్డున విడిచి గ్లాసును మాత్రమే యింటికి తెచ్చుకొనుచున్నారు. ఉదయమున కాకరరసము, మధ్యాహ్నమున మూడు వడ్డనల అన్నము, సాయంకాలమున బజ్జీలు! ఇందువలన ఏ వైద్యపద్ధతికిని న్యాయము జరుగదు.

కాయ తినుట మేలా, రసము త్రాగుట మేలా యను ప్రశ్నకు మా సమాధానము కాయయే మేలని. కూరలోని పీచు అన్నముతో కలిసి అరుగుదలను నెమ్మదిపఱచును. చక్కెర రక్తములో ఒక్కపెట్టున చేరకుండ చూచును. కడుపు నిండినట్లు తోపించి అన్నమును తగ్గించును. రసము తీసి వడగట్టినచో ఆ పీచంతయు పిప్పితో పోవును. నాలుగు క్యారెట్లను నమలి తినుటకు చాలసేపు పట్టును. వాని రసమును నిమిషములో త్రాగుదుము. క్యారెటు, బీటురూటు రసములలో స్వభావసిద్ధమైన చక్కెరయే యున్నది. చేదు పోవుటకని బెల్లమో తేనెయో కలుపువారును కలరు. బెల్లము మన చెఱకునుండియే వచ్చినను, రక్తములో అది చక్కెరయే యగును.

ఇక అపాయములను చెప్పవలయును. అన్నిటికంటె పెద్దది మందు మానుట. చిన్నవయసున వచ్చు మధుమేహమున శరీరములో ఇన్సులిను దాదాపు పుట్టనే పుట్టదు. 1921లో కెనడా దేశమున ఇన్సులినును కనుగొనువఱకు అట్టి బిడ్డలు బ్రదుకుట అరుదు. అట్టి బిడ్డకు ఇన్సులిను ఆపి రసము పట్టినచో కొలది దినములలోనే ప్రాణాపాయము కలుగును. పెద్దలకు వచ్చు మధుమేహమున ఆపద అంత త్వరగా రాదు. మెల్లగా వచ్చును గనుకనే మోసపోవుదుము.

రెండవది, మందును రసమును కలిపి పుచ్చుకొనుట. చక్కెరను బలముగా తగ్గించు మాత్రలుగాని ఇన్సులిను గాని వాడువారు పరగడుపున కాకరరసము త్రాగి, ఫలాహారము చేయక పొలము పోయినచో చక్కెర మితిమీఱి తగ్గి, చెమటపట్టి, వడకి, సొమ్మసిల్లవచ్చును. కాకరకూర తినుచు క్లోర్‌ప్రొపమైడు మాత్రలు వాడిన యొక స్త్రీ విషయమున ఈ కలయికను గుఱించి 1979లోనే లాన్సెట్టు అను వైద్యపత్రిక హెచ్చరించినది. మూత్రపిండములు చెడినవారికి కూరల రసములలోని పొటాషియము హాని చేయును. గర్భిణులు కాకరరసమును మానుటయే క్షేమము.

మూడవది చేదు ఆనప. 2010లో ఢిల్లీలో శాస్త్ర పారిశ్రామిక పరిశోధనా మండలికి చెందిన యొక అధికారి ఆనపరసమును కాకరరసమును కలిపి త్రాగి మరణించెను. ఆయనతోపాటు త్రాగిన భార్య ఆసుపత్రిపాలై బ్రదికెను. ఆనపకాయ, మన ప్రాంతమున కొందఱు సొరకాయ యందురు, స్వభావముచేత చేదు గాదు. ఒక్కొక్కప్పుడు దానిలో కుకుర్బిటాసినులను విషపదార్థములు హెచ్చి చేదగును. కాకరరసముతో కలిపినప్పుడు కాకరచేదులో ఆ విషపుచేదు దాగిపోవును. పిమ్మట భారత వైద్య పరిశోధనా మండలివారు నియమించిన నిపుణులసంఘము చెప్పిన జాగ్రత్త యిది: ఆనపకాయను కోసినప్పుడు చిన్న ముక్కను రుచి చూడవలయును, చేదైనచో కాయను పారవేయవలయును, దాని రసమును ఇతర రసములతో కలుపరాదు, త్రాగిన వెనుక వాంతులు, కడుపునొప్పి కలిగినచో వెంటనే ఆసుపత్రికి పోవలయును. ఈ మాటను మన యింటి స్త్రీలందఱికిని చెప్పుట మన విధి.

నాలుగవది మన చేతిలోని తప్పు. కాకరపందిరికి పండుఈగ బెడద యెక్కువ. దానికై మందు చల్లి మఱునాడే కాయ కోసి బజారునకు పంపువారు లేకపోలేదు. వండిన కూరకన్న పచ్చిరసమున ఈ దోషము హెచ్చు. మందుడబ్బామీద వ్రాసియున్న దినముల గడువు తీఱక కాయ కోయరాదు. ఈగ కుట్టిన కాయలనేఱి గోతిలో పూడ్చుట, ఎరబుట్టలు కట్టుట మొదట చేయవలసిన పనులు.

మొక్కలలో మందు లేదని మా యభిప్రాయము కాదు. మధుమేహమునకు నేడు ప్రపంచమంతట వాడబడు మెట్‌ఫార్మినుయొక్క పుట్టుకయే ఇందులకు సాక్షి. ఐరోపాలో గలీగా అను పచ్చికమొక్క కలదు. దానిలో చక్కెరను తగ్గించు గుణము కనబడినది. కాని దానిని మేసిన గొఱ్ఱెలు చచ్చెడివి. రసాయనజ్ఞులు దానిలోని పదార్థమును పోలిన, అంతకన్న క్షేమమైన మందును తయారుచేసిరి. 1957లో జాఁ స్టెర్న్ అను ఫ్రెంచివైద్యుడు దానిని మధుమేహరోగుల కిచ్చి ఫలితమును ప్రకటించెను. మొక్కలోని గుణమును తూచి, దోషమును తీసి, మోతాదు నిర్ణయించిన పిదపనే అది మందైనది. ఒక కాయకును మఱియొక కాయకును చేదు సమానము కాని కాకరరసమునకు ఆ తూకము లేదు.

అట్లయిన రైతు చేయదగిన దేమి? మొదటిది కంచమును సరిదిద్దుట. సగము కంచము కూరలు, ఆకుకూరలు. పావు కంచము పప్పు, చేప, గ్రుడ్డు వంటివి. మిగిలిన పావు మాత్రమే అన్నము కావలయును. బీర, దొండ, బెండ, వంగ, కాకర, గోంగూర, తోటకూర, మునగాకు, వీనిలో మన నేలలో పండనిది యేది? పొరుగింటి పుల్లకూర రుచియను సామెత చొప్పున, గట్టుమీది తీగను విడిచి సీసాకై పట్టణమునకు పరుగెత్తుచున్నాము.

వరిరకముల విషయమునను ఎంపిక కలదు. బాపట్లలో రూపొంది 1986లో విడుదలయైన సాంబమసూరిని ఎఱుగనివారు లేరు. దానినుండి హైదరాబాదులోని వరి పరిశోధనా సంస్థవారును, సి.సి.ఎం.బి. వారును కలిసి ఎండాకు తెగులును తట్టుకొను ఇంప్రూవ్డ్ సాంబమసూరిని తయారుచేసి 2008లో విడుదలచేసిరి. అన్నము ఎంత వేగముగా రక్తములో చక్కెరను పెంచునో తెలుపు గ్లైసీమికు సూచికను గ్లూకోసునకు 100గా పెట్టి కొలుతురు. 55కు లోబడినది మేలు. ఈ రకమునకు అది 51 ప్రాంతమున నున్నది. ఇంటి ఖర్చునకై అరయెకరమున దీనిని వేసికొనవచ్చును. అయినను మేలురకమని చెప్పి రెండింతలు తిన్నచో ఫలము లేదు.

సంఘము చేయదగిన పనులుగా మేము మూడింటిని సూచించుచున్నాము. మొదటిది, నెలకొక దినమున సంఘకార్యాలయమున గ్రామ ఆరోగ్యసిబ్బంది సహాయముతో చక్కెర, రక్తపుపోటు పరీక్షలు చేయించుట. 30 ఏండ్లు దాటినవారందఱిని పరీక్షింపవలయునని ప్రభుత్వ కార్యక్రమమే చెప్పుచున్నది. మనము చోటును, పరికరములకు కొంత సొమ్మును ఇచ్చిన చాలును. ఆ దినముననే పాదములను గూడ చూపించుకొనవలయును. రెండవది, కాకర, బీర, ఆనప, ఆకుకూరల విత్తనములను చిన్నపొట్లములుగా కట్టి సభ్యుల యిండ్లకిచ్చుట. కాకరగింజలను రాత్రి నానబెట్టి, గుంటకు రెండుమూడు చొప్పున నాటి, పందిరి వేసినచో రెండు నెలలకు కాపు వచ్చును. మూడవది, వ్యాధి కుదుర్చునని చెప్పు సీసాలను అమ్మకుండుట. సభ్యుని సొమ్ము సంఘమువద్ద నమ్మకముగా నుంచబడిన సొమ్ము. సంఘము ముద్ర పడిన వస్తువును రైతు పరీక్షింపకయే కొనును. ఆ నమ్మకము మనకు లాభముకంటె విలువైనది.

కాకరరసమును రుచికొఱకో అలవాటుగనో త్రాగువారిని మేము నిషేధించుటలేదు. త్రాగుదుమన్నచో డాక్టరునకు చెప్పి, మందు మానక, కొలదిగా, తిన్న పిమ్మట త్రాగవలయును. చక్కెరను కొలిపించుచు నుండవలయును. మూడు నెలల సరాసరిని తెలుపు హెచ్.బి.ఎ.1సి. పరీక్ష ఒక్కటి చేయించినచో గ్లాసు మాట నిజమో కాదో తెలియును. పొలమున పంటను కాటాలో తూచుకొను రైతు తన శరీరవిషయమున కంటిచూపుతో అంచనా వేయుట తగునా?

2022లో మన కృష్ణాజిల్లా రెండు జిల్లాలైనది. కాని కాలువ ఒక్కటే, కంచమొక్కటే, వ్యాధియు నొక్కటే. విజయవాడ మొదలు సముద్రపు టంచువఱకు ఈ నీటితో బ్రదుకు గ్రామములన్నిటికిని ఈ మాటలు వర్తించును. రాబోవు సర్వసభ్య సమావేశమున సీసాల ప్రస్తావన వచ్చినప్పుడు సభ్యులు ఈ మూడు పనులను గూడ చర్చకు పెట్టి, తగిన నిర్ణయము చేయవలయునని మా మనవి.